మిల్లీమీటరు కూడా లేని సందు: ప్లగ్గు గ్యాపు రైతుకెందుకు తెలియాలి

(కీసరలో చిన్న యంత్రాల వాడకంపై జరిగిన రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం మీటింగు అంటే గిట్టుబాటు ధర, పాసుబుక్కు, కరెంటు, భూసేకరణ గురించే మాట్లాడుకుంటాం. ఈరోజు స్పార్క్ ప్లగ్గు గురించి మాట్లాడతానంటే కొందరు నవ్వారు. మెకానిక్ పని సంఘానికెందుకని ఒక పెద్దాయన అడిగారు కూడా. న్యాయమైన ప్రశ్నే. ముందు దానికి జవాబు చెప్పి, తర్వాత ప్లగ్గులోకి పోదాం.

మన కీసర, శామీర్‌పేట, మేడ్చల్ దిక్కు వ్యవసాయం ఎట్లా మారిందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. వెంచర్లు లేచాయి. కైకిలికి వచ్చే మనుషులు కంపెనీలకు, కట్టడం పనులకు పోతున్నారు. మిగిలిన ఎకరం, రెండెకరాల్లో మనం వేసేది ఆకుకూరలు, టమాట, వంకాయ, బీర, పూలు. ఇవన్నీ చేయి ఎక్కువ పట్టే పంటలు. చేతులేమో తగ్గాయి. ఆ లోటును పూడుస్తున్నవి చిన్న యంత్రాలు. మందు కొట్టే తైవాన్ స్ప్రేయరు, గడ్డి కోసే బ్రష్ కట్టరు, సాళ్ల మధ్య కలుపు తీసే పవర్ వీడరు, మూటలు వేసుకుని బోయిన్‌పల్లి మార్కెట్‌కు పోయే టీవీఎస్ బండి. వీటన్నిటిలో ఉండేది పెట్రోలు ఇంజనే. పెట్రోలు ఇంజన్ ఏదైనా ప్లగ్గు లేకుండా నడవదు.

ట్రాక్టరుకు ఈ బాధ లేదు. డీజిల్ ఇంజన్‌లో గాలిని బాగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది, ప్లగ్గు అక్కర్లేదు. బోరు మోటరు కరెంటు మీద తిరుగుతుంది. కాబట్టి ప్లగ్గు సమస్య ముఖ్యంగా చిన్న రైతు సమస్య. ట్రాక్టరు ఆగితే షోరూం మనిషి ఇంటికొస్తాడు. స్ప్రేయరు ఆగితే మనమే దాన్ని బండి మీద కట్టుకుని ఊరు దాటి పోవాలి. ఒక పూట పోతుంది. పురుగు మాత్రం ఆ పూట ఆగదు. అందుకే ఇది సంఘం మాట్లాడాల్సిన విషయం అంటున్నాను.

ఇక అసలు సంగతికి వద్దాం.

సందు అంటే ఏమిటి

ప్లగ్గు విప్పి చేతిలో పట్టుకుని చూడండి. కింది కొసన నడుమ ఒక చిన్న పుల్ల ఉంటుంది. దాని చుట్టూ తెల్లటి పింగాణీ. పక్క నుంచి ఒక కొక్కెం వంగి ఆ పుల్ల మీదికి వచ్చి ఆగుతుంది. నడిమి పుల్లకూ పక్క కొక్కేనికీ మధ్య ఉన్న ఖాళీనే గ్యాపు అంటాం. కాయిల్ నుంచి వచ్చే కరెంటు ఆ ఖాళీని దూకేటప్పుడు నిప్పురవ్వ పుడుతుంది. ఆ రవ్వకే పెట్రోలు, గాలి కలిసిన ఆవిరి అంటుకుంటుంది. అది మండి ఉబ్బితే పిస్టన్ కిందికి పోతుంది. మన స్ప్రేయరు పంపు తిరిగినా, వీడరు పళ్లు తిరిగినా ఆ నెట్టుడు బలంతోనే.

ఆ ఖాళీ ఎంత ఉండాలి? టూ స్ట్రోక్ స్ప్రేయర్లు, బ్రష్ కట్టర్లలో ఎక్కువ వాటికి 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు. వీడర్లకు, చిన్న జనరేటర్లకు వచ్చే ఫోర్ స్ట్రోక్ ఇంజన్లలో ఎక్కువ వాటికి 0.7 నుంచి 0.8. మోటారు సైకిళ్లలో కొన్నింటికి 0.8 నుంచి 0.9 దాకా ఉంటుంది. మీ మిషన్ పుస్తకంలో ఏ అంకె ఉంటే అదే మీకు లెక్క. నేను చెప్పినవి అందాజు కోసమే. ఏదైనా సరే, మిల్లీమీటరు లోపే ఉండటం గమనించండి. గోరు మందం కంటే కాస్త ఎక్కువ, అంతే. ఆ కాస్తలో పదో వంతు మిల్లీమీటరు అటూ ఇటూ అయితేనే ఇంజన్ గుణం మారుతుంది.

సందు పెరిగితే

కాలువ దాటే మనిషిని తలుచుకోండి. రెండడుగుల కాలువైతే నడుస్తూనే దాటేస్తాడు. నాలుగడుగులైతే వెనక్కి జరిగి ఊపు తీసుకోవాలి. ఇంకా వెడల్పైతే నీళ్లలో పడతాడు. కరెంటుకు ఆ ఊపు వోల్టేజీ. సందు పెరిగిన కొద్దీ దాటడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి.

ఇందులో ఇంకో కిటుకు ఉంది. జర జాగ్రత్తగా వినండి. బయట గాలిలో మిల్లీమీటరు సందు దాటడానికి సుమారు 3,000 నుంచి 4,000 వోల్టులు చాలు. ఇంజన్ లోపల పిస్టన్ పైకొచ్చి గాలిని గట్టిగా నొక్కి ఉంచుతుంది. నొక్కిన గాలిని చీల్చుకుని పోవడం కష్టం. అక్కడ అదే సందుకు పది వేల వోల్టుల పైమాటే కావాల్సి వస్తుంది. ఒత్తిడి, దూరం రెండూ కలిసి ఈ వోల్టేజీని నిర్ణయిస్తాయని జర్మనీ శాస్త్రవేత్త ఫ్రెడ్రిక్ పాషెన్ 1889లోనే తేల్చి చెప్పాడు. మన ఇంట్లో కరెంటు 230 వోల్టులు. అరచేతిలో పట్టే కాయిల్ దానికి ఎన్నో రెట్లు పుట్టించాలి, అదీ నిమిషానికి వేల సార్లు.

ఇప్పుడు మనం రోజూ చేసే పరీక్ష సంగతి చూడండి. ప్లగ్గు విప్పుతాం, ఇంజన్ ఇనుముకు ఆనిస్తాం, తాడు గుంజుతాం. నీలంగా రవ్వ కనబడితే "కరెంటు మంచిగనే వస్తుంది, ప్లగ్గు బాగుంది" అంటాం. తర్వాత కార్బొరేటర్ విప్పుతాం, పిస్టన్ రింగుల మీద అనుమానం పడతాం, ఖర్చు పెరుగుతుంది. బయట రవ్వ వచ్చినంత మాత్రాన లోపల కూడా వస్తుందని నమ్మకం లేదు. సందు పెరిగిన ప్లగ్గు బయట గాలిలో బాగానే రవ్వ ఇస్తుంది. లోపల ఒత్తిడిలో చేతులెత్తేస్తుంది. రవ్వ అసలే రాకపోతే కరెంటు దిక్కు లోపం ఉందని తెలుస్తుంది, అందుకు ఆ పరీక్ష పనికొస్తుంది. రవ్వ వచ్చినా సందు కొలవాల్సిందే.

సందు పెరిగిందని ఎట్లా గుర్తుపట్టాలి? మొదటిది, పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఎన్నిసార్లు తాడు గుంజినా అంటుకోదు. తాడు గుంజేటప్పుడు చక్రం మెల్లగా తిరుగుతుంది కాబట్టి కాయిల్ ఇచ్చే ఊపు కూడా తక్కువ. రెండోది, అంటుకున్నాక మెల్లగా బాగానే నడుస్తుంది. రేసు పెంచి పని పెట్టగానే మిస్సింగ్ కొడుతుంది, దగ్గుతుంది, ఆగిపోతుంది. మూడోది, వేడెక్కాక ఇంకా మొండికేస్తుంది. అట్లాగే చాలా రోజులు నడిపితే నష్టం ప్లగ్గుతో ఆగదు. దూకలేని కరెంటు ఇంకో దారి వెతుక్కుంటుంది. ప్లగ్గు క్యాపులోంచో, వైరు చీలికలోంచో ఇనుముకు కారిపోతుంది. కాయిల్ మీద భారం పెరిగి దాని ఆయుష్షు తగ్గుతుంది. ప్లగ్గు ధరకూ కాయిల్ ధరకూ ఎంత తేడానో ఒకసారి మార్చిన వాళ్లకు తెలుసు.

సందు తగ్గితే

మరి దగ్గరగా వంచేస్తే మంచిదా? అదీ కాదు. సందు మరీ తక్కువైతే రవ్వ తేలిగ్గానే వస్తుంది, కానీ చిన్నగా వస్తుంది. ఆ ఇరుకులో ఉండే పెట్రోలు ఆవిరి కొంచెమే. పైగా మొదలైన చిన్న మంట రెండు వైపులా ఉన్న ఇనుముకు తన వేడిని అప్పగించి చల్లారిపోతుంది. తడి పిడకల మధ్య అగ్గిపుల్ల గీసినట్టు అవుతుంది. కొన్నిసార్లు అంటుకుంటుంది, కొన్నిసార్లు అంటుకోదు.

దీని గుర్తులు వేరు. రేసు తగ్గించి వదిలేస్తే ఇంజన్ ఒక తీరుగా నిలవదు, ఊగుతుంది. ఒక్కసారిగా రేసు ఇస్తే వెంటనే అందుకోదు. టూ స్ట్రోక్‌లో ఇంకో కష్టం కూడా ఉంది. పెట్రోలులో నూనె కలిసి ఉంటుంది కాబట్టి మసి ఎక్కువ. ఇరుకు సందులో చిన్న మసి పలుకు ఇరుక్కున్నా పుల్లకూ కొక్కేనికీ వంతెన పడినట్టే. కరెంటు దూకాల్సిన పని లేకుండా ఆ మసిలోంచి నడిచి పోతుంది. రవ్వ ఉండదు. దీన్నే మెకానిక్‌లు ప్లగ్గు షార్టయింది అంటారు. చాలాసార్లు అట్లాంటి ప్లగ్గు పాడైనది కాదు. మసి తీసి, సందు సరిచేసి బిగిస్తే మళ్లీ నడుస్తుంది.

సందు దానంతట అది ఎందుకు మారుతుంది

మేమెవ్వరం ముట్టుకోలేదు, ఎట్లా మారింది అంటారు. లెక్క చూడండి. టూ స్ట్రోక్ ఇంజన్ నిమిషానికి 6,000 చుట్లు తిరిగితే, చుట్టుకో రవ్వ చొప్పున 6,000 రవ్వలు. అంటే సెకనుకు 100. గంటకు 3,60,000. ప్రతి రవ్వా ఇనుములోంచి కంటికి కనబడనంత ముక్కను తినేస్తుంది. నాగటి కర్రు అరిగినట్టే ఇదీ అరుగుతుంది. అరిగిన కొద్దీ సందు పెరుగుతుంది. పుల్ల అంచులు కూడా గుండ్రంగా అవుతాయి. కరెంటు పదునైన అంచు నుంచి తేలిగ్గా దూకుతుంది, గుండ్రటి దాని నుంచి కష్టంగా దూకుతుంది. కాబట్టి బాగా అరిగిన ప్లగ్గును ఎంత సరిచేసినా కొత్తదానిలా పనిచేయదు. అప్పుడు మార్చడమే మేలు.

ఎన్నాళ్లకు చూడాలి? ఫోర్ స్ట్రోక్ చిన్న ఇంజన్ల పుస్తకాల్లో కొన్నింటిలో 100 గంటలకోసారి లేదా ఆరు నెలలకోసారి సందు చూసుకోమని, 300 గంటలకు మార్చమని ఉంటుంది. టూ స్ట్రోక్‌కు ఇంకా ముందే చూడాలి. మనకు గంటలు లెక్కపెట్టే అలవాటు తక్కువ. కాబట్టి వానాకాలం మొదట్లో ఒకసారి, యాసంగి మొదట్లో ఒకసారి తప్పక కొలవాలి. స్ప్రేయరు రోజూ నడిచే కూరగాయల రైతులు నెలకోసారి చూసుకుంటే మంచిది.

కొత్త ప్లగ్గును కూడా కొలిచే బిగించండి. కంపెనీలో సరిచేసే పంపుతారు, కానీ ఒకే రకం ప్లగ్గు వేరే వేరే ఇంజన్లకు పోతుంది. దారిలో కింద పడి కొక్కెం వంగి ఉండొచ్చు. డబ్బాలోంచి తీసింది కదా అని కళ్లు మూసుకుని పెట్టొద్దు.

చేనులో నష్టం ఎట్లా వస్తుంది

సందు తేడాతో నూటికి ఐదు రవ్వలు తప్పాయి అనుకుందాం. 6,000లో 300. ఆ 300 సార్లు లోపలికి వచ్చిన పెట్రోలు మండకుండా సైలెన్సర్‌లోంచి బయటికి పోతుంది. డబ్బులు పొగలో పోవడమంటే ఇదే. ఆ పచ్చి పెట్రోలు, నూనె పోతూ పోతూ ప్లగ్గు మీద, సైలెన్సర్‌లో మసి పెంచుతాయి. మసి పెరిగితే ఇంకొన్ని రవ్వలు తప్పుతాయి.

పెట్రోలు నష్టం కంటే పెద్దది మందు నష్టం. స్ప్రేయరులో పంపు ఒత్తిడి ఇంజన్ చుట్ల మీద ఆధారపడి ఉంటుంది. చుట్లు తగ్గితే ఒత్తిడి తగ్గుతుంది, తుంపర లావెక్కుతుంది. గాలితో చిమ్మే రకమైతే గాలి వేగం తగ్గి మందు దూరం పోదు. లావు చుక్క ఆకు మీద నిలవక నేలకు జారుతుంది. ఆకు అడుగు తడవదు. తెల్లదోమ, నల్లి ఉండేది ఆకు అడుగునే. అప్పుడు మనమేం అంటాం? మందు పనిచేయలేదు అంటాం. దుకాణానికి పోతే ఇంకా ఘాటు మందు ఇస్తాడు. ఇంకోసారి కొడతాం. అప్పు పుస్తకంలో ఇంకో గీత పడుతుంది, ఒంటికి ఇంకో మోతాదు విషం తగులుతుంది. మందు పనిచేయకపోవడానికి వేరే కారణాలు కూడా ఉంటాయి, నకిలీ మందులు ఉన్నాయి, మన సంఘం వాటి మీద కొట్లాడుతూనే ఉంది. కానీ దుకాణాన్ని నిలదీయడానికి ముందు మన స్ప్రేయరు సరిగ్గా కొడుతుందో లేదో మనకు తెలిసి ఉండాలి. అప్పుడే మన మాటకు బలం.

కొలిచే పద్ధతి

ఇప్పుడు చేతి పని చెప్తాను. ఇంజన్ చల్లారనివ్వండి. వేడి మీద ప్లగ్గు విప్పితే అల్యూమినియం మరలు దెబ్బతింటాయి. క్యాపును పట్టుకుని తీయండి, వైరు పట్టి గుంజొద్దు. విప్పే ముందు ప్లగ్గు చుట్టూ ఉన్న మట్టిని ఊదేయండి, లేకపోతే అది లోపల పడుతుంది. ప్లగ్గు పానానే వాడండి. వేరే పానా జారితే పింగాణీ పగులుతుంది. పగిలిన పింగాణీకి రిపేరు లేదు.

కొలవడానికి అసలైన పనిముట్టు ఫీలర్ గేజ్. పలుచటి ఉక్కు రేకుల కట్ట, ఒక్కో రేకు మీద మందం రాసి ఉంటుంది. ఆటో సామాన్ల దుకాణాల్లో దొరుకుతుంది. మీ మిషన్‌కు చెప్పిన మందం రేకును సందులో పెట్టి జరపండి. కొద్దిగా పట్టి పట్టి జారితే సరిగ్గా ఉన్నట్టు. వదులుగా ఆడితే సందు ఎక్కువ. దూరకపోతే తక్కువ.

గేజ్ లేనప్పుడు ఒక ఉపాయం ఉంది. మీ జేబులో ఏటీఎం కార్డు, కిసాన్ కార్డు ఉంటుంది కదా. బ్యాంకు కార్డుల మందం ప్రపంచమంతా ఒకటే, 0.76 మిల్లీమీటర్లు. 0.7 నుంచి 0.8 ఉండాల్సిన ఇంజన్లకు అది సరిగ్గా సరిపోతుంది. అక్షరాలు ఉబ్బి లేని అంచుతో చూడండి. బ్యాంకు మనకు లోను ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ కార్డు ఈ పనికైతే వస్తుంది. 0.6 నుంచి 0.7 ఉండాల్సిన టూ స్ట్రోక్‌లకు చేతి రంపానికి వేసే హ్యాక్సా బ్లేడు పనికొస్తుంది. దాని మందం దాదాపు 0.65. పళ్లు లేని వైపుతోనే కొలవాలి, పళ్ల వైపు అటూ ఇటూ వంచి ఉంటుంది కాబట్టి లెక్క తప్పుతుంది. ఇవి చేనులో గడవడానికే. ఇంటికొచ్చాక గేజ్‌తో చూసుకోండి.

సందు ఎక్కువుంటే కొక్కేన్ని గట్టి చెక్క మీద మెల్లగా తట్టండి. తక్కువుంటే కొక్కేన్ని నోస్ ప్లయరుతో కొంచెం పైకి వంచండి. వంచేది పక్క కొక్కేన్నే. నడిమి పుల్లను ముట్టుకోవద్దు, దాని మీద స్క్రూడ్రైవర్ ఆనించి ఎత్తొద్దు. మసిని మెత్తటి బ్రష్షుతో, పెట్రోలు గుడ్డతో తుడవండి. బాగా ఆరాకే బిగించండి. మొదట చేత్తోనే తిప్పండి, మరలు సాఫీగా పట్టాలి. ఆగిన తర్వాత పానాతో, వాషరున్న కొత్త ప్లగ్గయితే అర చుట్టు, పాతదైతే ఎనిమిదో వంతు నుంచి పావు చుట్టు. బలమంతా చూపించొద్దు.

రవ్వ పరీక్ష చేసేటప్పుడు ఒక్క జాగ్రత్త. ప్లగ్గు తీసిన రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది. ప్లగ్గును ఆ రంధ్రానికి దూరంగా ఇనుముకు ఆనించాలి. పెట్రోలు సీసా పక్కన ఉండొద్దు. బీడీ సంగతి చెప్పనక్కర్లేదు.

రంగు చెప్పే మాట

సందు కొలిచేటప్పుడే రంగు కూడా చూడండి. ప్లగ్గు కొస లేత గోధుమ రంగులో, ఇటుక పొడి అంటినట్టు ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడి మసితో నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. ముందు గాలి ఫిల్టర్ కడగండి, చోక్ సగంలో ఇరుక్కుందేమో చూడండి. జిడ్డుగా తడి నలుపు ఉంటే టూ స్ట్రోక్‌లో నూనె ఎక్కువ కలిపినట్టు. పుస్తకంలో 25కు 1 అని ఉంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 50కి 1 అని ఉంటే 20 మిల్లీలీటర్లు. చేతి అందాజుతో పోయొద్దు, కొలత మూతతో పోయండి. ప్లగ్గు తెల్లగా మాడినట్టు ఉంటే ఇంజన్ మరీ వేడెక్కుతుంది. పెట్రోలు తక్కువ అందుతుండొచ్చు, లేదా ఆ ఇంజన్‌కు తగని నంబరు ప్లగ్గు పెట్టి ఉండొచ్చు. మర పట్టింది కదా అని ఏ ప్లగ్గంటే ఆ ప్లగ్గు బిగించొద్దు. నంబరు చూడండి.

ఇంకో మాట. అన్ని పాపాలూ సందు మీద వేయొద్దు. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. స్ప్రేయరులో పెట్రోలు పోసి మూడు నెలలు మూలకు పెడితే అందులో నీరు చేరి అడుగుకు దిగొచ్చు. అప్పుడు ఎంత మంచి ప్లగ్గు పెట్టినా అంటుకోదు. చాలా చిన్న ఇంజన్ల పుస్తకాల్లో పది శాతం మించి ఇథనాల్ వాడొద్దని ఉంది. బంకులో మనకు వేరే పెట్రోలు దొరకదు. ఈ రెండింటి మధ్య నలిగేది రైతే. మన చేతిలో ఉన్నది ఒకటే, పని అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటర్‌లో ఉన్నది కూడా నడిపి అయిపోగొట్టి మూలకు పెట్టడం.

ఫలానా ప్లగ్గు పెడితే మైలేజీ పెరుగుతుంది, సందు పెంచితే పికప్ పెరుగుతుంది అని చెప్పేవాళ్లు ఉంటారు. సరైన సందు ఇంజన్‌కు ఉన్న బలాన్ని పూర్తిగా ఇస్తుంది. లేని బలాన్ని ఏ ప్లగ్గూ తేలేదు.

సంఘం ఏం చేయాలి, ఏం అడగాలి

ఇప్పుడు మొదట అడిగిన ప్రశ్నకు వస్తాను. ఇదంతా సంఘానికెందుకు?

యాంత్రీకరణకు ప్రభుత్వాలు డబ్బు పెడుతున్నాయి. కేంద్రం 2014-15 నుంచి వ్యవసాయ యాంత్రీకరణ పథకం నడుపుతోంది. చిన్న, సన్నకారు రైతులకు, ఎస్సీ, ఎస్టీలకు, మహిళలకు 50 శాతం దాకా, మిగతావారికి 40 శాతం దాకా సబ్సిడీ అని అందులో ఉంది. మంచిదే. కానీ మిషన్ చేతికిచ్చి ఫొటో దిగాక రైతు బాధ రైతుదే. ఇచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంటుంది. ఏ నంబరు ప్లగ్గు, ఎంత సందు, ఎంత నూనె అన్న మూడు ముక్కలు అందులో ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఆ మూడు ముక్కలు తెలియక మూలకు పడ్డ మిషన్లు మన ఇళ్లలో ఉన్నాయి. అట్లా పడ్డ మిషన్ మీద పెట్టిన సబ్సిడీ ప్రజల సొమ్ము కూడా మూలకు పడ్డట్టే.

అందుకని సంఘం తరఫున మూడు డిమాండ్లు పెడదామని నా ప్రతిపాదన. ఒకటి, సబ్సిడీ మీద ఇచ్చే ప్రతి పెట్రోలు యంత్రం మీద ప్లగ్గు నంబరు, సందు, నూనె పాళ్లు తెలుగులో చెరగకుండా అంటించాలి. రెండు, టూల్ కిట్‌లో ప్లగ్గు పానాతో పాటు ఫీలర్ గేజ్ ఇవ్వాలి. మూడు, ప్రతి సీజన్ ముందు రైతు వేదికలో ఒకరోజు మిషన్ల మరమ్మతు, శిక్షణ పెట్టాలి. రాష్ట్రంలో 2,601 రైతు వేదికలు కట్టారు. ఏడాదికి రెండు రోజులు వాటిని దీనికి తెరిస్తే ఎవరికీ నష్టం లేదు. రైతులకు యంత్రాల మీద శిక్షణ ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ అనంతపురం జిల్లా గార్లదిన్నెలో ఉంది. అంత దూరం పోయి రావడం మన ఆడవాళ్లకు, చిన్న రైతుకు అయ్యే పని కాదు. శిక్షణ మన దగ్గరికి రావాలి.

అవి వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోం. ఊరికి ఒక గేజ్, ఒక ప్లగ్గు పానా, ఒక మెత్తటి బ్రష్షు సంఘం గ్రామ కమిటీ దగ్గర ఉంచుదాం. ఒక నోటు పుస్తకం పెడదాం. ఎవరి మిషన్ ఏ రకం, ప్లగ్గు నంబరు ఎంత, సందు ఎంత, ఎప్పుడు కొలిచారు అని రాద్దాం. ఐటీఐ చదివిన పిల్లలు ప్రతి ఊళ్లో ఉన్నారు, వాళ్లను పిలుద్దాం. ఇందులో ఆడవాళ్లు ముందుండాలని నా కోరిక. మగవాళ్లు పట్నం పనికి పోయిన ఇళ్లలో వీడరు నడిపేది, కలుపు పని చూసుకునేది వాళ్లే. మిషన్ ఆగితే ఎవరొస్తారా అని దారి చూడాల్సిన అవసరం వాళ్లకు ఉండకూడదు.

మన మెకానిక్ తమ్ముళ్ల పొట్ట కొట్టాలని ఇది చెప్పట్లేదు. పెద్ద రిపేరుకు వాళ్లు కావాల్సిందే. ప్లగ్గు క్యాపు, కాయిల్, చక్రానికీ కాయిల్‌కూ మధ్య ఉండే ఇంకో సందు, ఇవన్నీ వాళ్ల చేతుల్లోనే ఉండాలి. సందు కొలిచి, రంగు చూసి, "అన్నా, ఇవి రెండూ బాగున్నాయి, అయినా మిస్సింగ్ కొడుతుంది" అని చెప్పగలిగిన రైతును చూస్తే మెకానిక్ కూడా సగం పని తగ్గిందని సంతోషపడతాడు. లేనిపోని సామాను మార్చమని చెప్పేవాడు ఉంటే, వాడు కూడా జాగ్రత్త పడతాడు.

భూమి మీద, ధర మీద, కరెంటు మీద మన మాట చెల్లించుకోవడానికి ఏళ్లు పడుతుంది. ఈ ఒక్క పని మాత్రం ఇవాళ సాయంత్రం ఇంటికి పోయి చేయొచ్చు. వానలు పడకముందే ప్రతి ఒక్కరూ మీ మిషన్ ప్లగ్గు విప్పి చూడండి. వచ్చే నెల మీటింగుకు పాత ప్లగ్గులు పట్టుకుని రండి. అందరివీ ఒక బల్ల మీద పరిచి, రంగు చూసి, సందు కొలిచి, ఏ ఊళ్లో ఏ మిషన్‌కు ఏ జబ్బు ఉందో రాసుకుందాం. ఆ కాగితాన్నే మన డిమాండ్లతో పాటు వ్యవసాయ అధికారికి ఇద్దాం.

 గేజ్ ఇక్కడే ఉంది. మిషన్ తెచ్చిన వాళ్లు ముందుకు రండి.